తొమ్మిదో ఇత్తడి కాలు

నేను బిగించిన తలుపుకి ఖాళీ బెజ్జం ఉండదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. సరే, గొప్ప కోసమే చెబుతున్నాను. ముప్ఫై ఏళ్ళుగా మా వీధిలో, ఆ వెనక వీధిలో నా చేతి తలుపులే ఉన్నాయి. ఏ తలుపైనా తీసి బందులు చూడండి. ఆరు బెజ్జాలుంటే ఆరు స్క్రూలూ ఉంటాయి. బెజ్జం పెట్టిందే స్క్రూ కోసం. పని అయ్యాక డబ్బాలో ఒక స్క్రూ మిగిలిందంటే ఎక్కడో పని ఎగ్గొట్టినట్టే లెక్క. మా నాన్న నాకు మొట్టమొదట నేర్పింది అదే. నేర్పాడనడం మర్యాద, మొట్టికాయలు వేసి మరీ ఎక్కించాడు.

ఈ సంగతి ముందే ఎందుకు చెప్పానంటే, ఆ వేసవిలో మా ఇంట్లో జరిగిన గొడవంతా ఆ ఒక్క అలవాటు వల్లే జరిగింది.

మా ఆవిడ ఇరవై నాలుగేళ్ళు అల్లిక మిల్లులో పనిచేసింది. స్వెటర్లు అల్లే యంత్రాల దగ్గర. ఒక్కో యంత్రానికి వందల సూదులు. వాటిలో ఒక్కటి వంకర పోయినా బట్ట పొడుగునా గీత పడుతుంది. ఆ ఒక్క సూదీ ఏదో పట్టుకోవడం మా ఆవిడ పని. అందరూ సూది డాక్టరమ్మా అని పిలిచేవాళ్ళు. ఆఫీసులో కంప్యూటర్ మీద డిజైన్లు గీసేవాళ్ళు కూడా, ఏదైనా కుదరకపోతే, ఒకసారి వచ్చి చూడండి డాక్టరమ్మా అని కబురు పెట్టేవాళ్ళు. అలా వెళ్ళి వెళ్ళి, భోజనం గంటల్లో తనూ గీయడం నేర్చేసుకుంది.

ఆ వేసవి మొదట్లో మిల్లు మూతపడింది. గేటుకి ఒక కాగితం అంటించి చేతులు దులుపుకున్నారు. ఆ రోజు మా ఆవిడ మధ్యాహ్నానికే ఇంటికొచ్చి, క్యారేజీ మూత కూడా తీయకుండా వసారాలో కూర్చుంది. ఒక వారం అలాగే కూర్చుంది. ఒళ్ళో పెట్టుకున్న చేతులు మాత్రం ఊరుకునేవి కావు. వేళ్ళు కదులుతూనే ఉండేవి, లేని దారాన్ని సరిచేస్తున్నట్టు. అడిగితే, "ఏం లేదండీ, అలవాటు" అనేది.

ఎనిమిదో రోజు ఫోన్ వచ్చింది. స్వెటర్ల డిజైన్లు గీసిచ్చే కంపెనీ ఒకటి, మిల్లుతో లావాదేవీలున్నది. అక్కడి మేడమ్‌కి మా ఆవిడ దిద్దిన డిజైన్లు గుర్తున్నాయట.

"ఇంటి దగ్గర్నుంచే గీయొచ్చటండీ," అంది మా ఆవిడ ఫోన్ పెట్టేసి. "నెలాఖరు సోమవారం లోపు మూడు డిజైన్లు పంపాలి. నచ్చితే పని ఇస్తారు."

"నచ్చకపోతే?"

"నచ్చకపోతే ఈ వసారా ఉండనే ఉందిగా."

"మరి కంప్యూటరు?"

"నేనే బిగించుకుంటాను. సామాన్లు విడివిడిగా అమ్ముతారు. పుస్తకం ఇస్తారు, బొమ్మలుంటాయి."

లోపల్నుంచి మా అమ్మ అందుకుంది. "బిగించుకోనీరా. నువ్వు బిగించే బీరువాలకేమైనా పుస్తకముందా?"

మా అమ్మకి ఎనభై రెండేళ్ళు. అత్తాకోడళ్ళు ఒక్కటైతే ఆ ఇంట్లో మగవాడి గతేంటో మా ఇంటికొచ్చి చూడాలి.

కంప్యూటర్ సామాన్ల కొట్టు అతన్ని అందరూ కళ్ళజోడు అంటారు. జోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది, కళ్ళకి పెట్టుకోగా ఎవరూ చూడలేదు. మా ఆవిడ రాసుకెళ్ళిన సామాన్ల చీటీ చూసి మెచ్చుకున్నాడు, ఒక్క వస్తువు కూడా మార్చలేదు. మిల్లు వాళ్ళు చివర్లో ఇచ్చిన డబ్బు మా ఆవిడ బల్ల మీద పెట్టింది.

"రేపు సాయంత్రానికి బిగించి పంపిస్తానమ్మా," అన్నాడు.

"వద్దు బాబూ. విడిగానే ఇవ్వు."

"అమ్మా, ఇది స్వెటర్ కాదు. ఎక్కడో ఒక్క తీగ తప్పు పడిందనుకో, అంతా బూడిద. తర్వాత నా దగ్గరికి తెస్తే నేనేం చెయ్యలేను."

"నేను విప్పని యంత్రం నా యంత్రం కాదు," అంది మా ఆవిడ. "చెడితే ఎక్కడ చెడిందో నాకు తెలియాలి."

అతను నావైపు తిరిగాడు, మీరైనా చెప్పండి మేస్త్రీ గారూ అన్నట్టు. నేను మీసం దువ్వుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ మాటకి నా ఛాతీ బెత్తెడు పెరిగింది. పనిమంతులు మాట్లాడే మాట అది.

మంగళవారం పొద్దున్నే నా షెడ్డులో పనిబల్ల ఖాళీ చేసిచ్చాను. రంపపు పొట్టంతా ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, పాత దుప్పటి పరిచాను. మా ఆవిడ ఒక్కో పెట్టె విప్పి, ఒక్కో సామాను పక్కపక్కన పేర్చి, పుస్తకం తెరిచింది. పక్కన తన నోటుబుక్కు. మిల్లులోలాగే ప్రతి పనీ అయ్యాక ఒక గీత, ఒక మాట రాసుకుంటుంది. మా అమ్మ కుర్చీ వేయించుకుని గుమ్మంలో కూర్చుంది.

ముందు కేబినెట్, అంటే ఇనప డబ్బా. దాని లోపలి గోడకి బెజ్జాలు. ఆ బెజ్జాల్లో వేలి కణుపంత ఇత్తడి కాళ్ళు బిగించాలి. వాటి మీద అసలు బోర్డు కూర్చుంటుంది, ఇనుముకి తగలకుండా. పొట్లంలో తొమ్మిది కాళ్ళున్నాయి. మా ఆవిడ పుస్తకం చూసి, బోర్డు చూసి, ఎనిమిది బిగించింది. నోటుబుక్కులో రాసుకుంది. ఇంతలో ఫోన్ మోగితే ఇంట్లోకి వెళ్ళింది.

నేను చూస్తే ఏముంది! డబ్బా గోడకి ఒక బెజ్జం ఖాళీ. పొట్లంలో ఒక కాలు మిగులు. నా చెయ్యి ఊరుకుంటుందా? అయ్యో పాపం, తొందరలో మర్చిపోయిందనుకున్నాను. తొమ్మిదోదాన్ని కూర్చోబెట్టి, ప్లయరుతో కిర్రుమనేదాకా బిగించాను. ఈ సాయం సంగతి చెప్పి ఆవిణ్ణి చిన్నబుచ్చడం ఎందుకని కూడా అనుకున్నాను. అంత మంచివాణ్ణి నేను.

తిరిగొచ్చి మా ఆవిడ బోర్డు కూర్చోబెట్టింది, ఎనిమిది స్క్రూలు వేసింది. తీగలన్నీ కలిపేసరికి మధ్యాహ్నం మూడైంది. బటన్ నొక్కమంటారా అన్నట్టు మా అమ్మ వైపు చూసింది.

"నొక్కు తల్లీ," అంది అమ్మ.

నొక్కింది. లోపల ఫ్యాను పావు చుట్టు తిరిగింది. ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ పావు చుట్టు, మళ్ళీ ఆగింది. తెర నల్లగానే ఉంది.

"ఊపిరుంది," అంది మా ఆవిడ. "చావలేదు. పట్టుకుందాం."

ఆ రోజు ఆవిడ గొంతులో భయం లేదు. సూది డాక్టరమ్మ గొంతే అది. మిల్లులో బట్టకి గీత పడితే ఏం చేసేదో నాకు అప్పుడు చెప్పింది. ముందు సగం సూదులు ఆపేస్తుందట. గీత పోతే రోగం ఆ సగంలో ఉన్నట్టు. పోకపోతే ఈ సగంలో. ఆ సగంలో మళ్ళీ సగం. అలా ఎనిమిది తొమ్మిది సార్లు చేస్తే చేతికి ఒక్క సూది మిగులుతుంది.

బుధవారం అదే మొదలుపెట్టింది. రెండు మెమరీ పలకలుంటే ఒకటి తీసి నొక్కింది. పావు చుట్టు. దాన్ని పెట్టి రెండోది తీసింది. పావు చుట్టు. పవర్ తీగలు ఊడదీసి మళ్ళీ గుచ్చింది. డిస్కు తీసేసింది. ఏది తీసినా పావు చుట్టే. ప్రతిదానికీ నోటుబుక్కులో ఒక గీత. గురువారానికి ఒక పేజీ నిండింది. నేను మధ్యమధ్యలో వెళ్ళి, "గట్టిగా బిగించావా?" అని అడిగేవాణ్ణి. అంతకంటే నాకేం తెలుసని!

శుక్రవారం మధ్యాహ్నం నేను షెడ్డులోకి వెళ్ళేసరికి మా ఆవిడ స్క్రూడ్రైవర్ కింద పెట్టేసి, తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"కళ్ళజోడు చెప్పింది నిజమేనేమోనండీ. ఇరవై నాలుగేళ్ళు ఒకే రకం యంత్రం మీద బతికిన చేతులు. వీటికి ఇంకోటి రాదేమో. మిల్లు వాళ్ళకి ముందే తెలిసినట్టుంది."

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియదు. ఏదో అనబోయేలోపు మా అమ్మే అంది.

"అమ్మాయ్, ఇటు చూడు. నా కళ్ళకి ఆపరేషన్ అయినప్పుడు ఆరు నెలలు నా జడ వేసినవి ఆ చేతులే. వాటిని ఇంకోసారి తిట్టావంటే ఊరుకోను. లే, కాసిని మంచినీళ్ళు తాగు."

మా ఆవిడ లేచింది. నీళ్ళు తాగింది. వచ్చి, సామాన్లన్నీ డబ్బాలోంచి బయటికి తీసేసింది. బోర్డు తాలూకు అట్టపెట్టె బోర్లించి, దాని మీదే బోర్డు పరిచి, తీగలు కలిపి, బటన్ తీగ గుచ్చే రెండు చిన్న ముళ్ళని స్క్రూడ్రైవర్ మొనతో తాకించింది.

ఫ్యాను పావు చుట్టు తిరిగింది. అర చుట్టు. ఆగలేదు. గిర్రున తిరుగుతూనే ఉంది. తెర మీద అక్షరాలొచ్చాయి.

మా అమ్మ చప్పట్లు కొట్టింది. నేను ఈల వేశాను, షెడ్డు ముందు పోయేవాళ్ళు తిరిగి చూశారు. మా ఆవిడ మాత్రం కదలకుండా దాన్నే చూస్తోంది.

మళ్ళీ అన్నీ డబ్బాలో బిగించింది. నొక్కింది. పావు చుట్టు. మళ్ళీ బయటికి తీసి అట్టపెట్టె మీద పెట్టింది. గిర్రుమంది.

"రోగం డబ్బాలో ఉందండీ," అంది మెల్లగా.

నేను బిగించిన తొమ్మిదో కాలు గుర్తొచ్చింది. ఇత్తడి కరెంటుని పోనిస్తుందని నాకు తెలియదా? ఇంటింటికీ తలుపులు బిగించేటప్పుడు కరెంటు పనివాళ్ళతో కలిసి తిరిగినవాణ్ణి. అంతలోనే ఛ, అంత చిన్న కాలు ఏం చేస్తుందిలే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. పైకి ఏమన్నానో తెలుసా?

"ఆ అట్టపెట్టె మీదే ఉంచి పని కానిచ్చేయకూడదూ? సోమవారం ముంచుకొస్తోంది."

"మీ రంపపు పొట్టులోనా? రెండు రోజుల్లో గోవిందా. అయినా తప్పెక్కడుందో తెలియకుండా నేను పని మొదలుపెట్టలేనండీ. నా వల్ల కాదు."

నేను షెడ్డు ఆ మూలకి పోయి, నున్నగా ఉన్న తలుపునే మళ్ళీ చిత్రిక పట్టాను. చెప్పేస్తే ఒక్క నిమిషం పని. చెప్పలేదు. మేస్త్రీ పొరపాటు పడడని వీధంతా అనుకుంటుంది, నేనూ అనుకుంటాను. ఆ ఒక్క సాయంత్రం గుర్తొస్తే ఇప్పటికీ నా తల కొట్టేసినట్టు ఉంటుంది.

శనివారం పొద్దున మా ఆవిడ పాత మిల్లు కాగితం ఒకటి తెచ్చింది, గళ్ళు గళ్ళుగా ఉండే డిజైన్ కాగితం. బోర్డు మీద పరిచి, బోర్డుకి ఎక్కడెక్కడ బెజ్జాలున్నాయో అక్కడక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టింది. ఎనిమిది గుర్తులు. ఆ గుర్తుల దగ్గర కాగితానికి చిల్లులు పొడిచింది. స్వెటర్ ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ సరిచూసేది ఇలాగేనట. తర్వాత ఆ కాగితాన్ని డబ్బాలోకి దించి ఇత్తడి కాళ్ళ మీద పరిచింది.

ఎనిమిది కాళ్ళు ఎనిమిది చిల్లుల్లోంచి బుద్ధిగా తల బయటపెట్టాయి. ఒక్కచోట మాత్రం కాగితం లేచి గూనిగా నిలబడింది.

ఆవిడ ఆ గూనిని వేలితో నొక్కి చూసింది. కాగితం తీసేసింది. తొమ్మిదో కాలు కనిపించింది. బోర్డుకి ఆ చోట బెజ్జమే లేదు. బోర్డు కూర్చోబెట్టినప్పుడల్లా ఆ ఇత్తడి కింద నుంచి దాని వీపుకి పొడుచుకుని కరెంటుని డబ్బాలోకి లాగేస్తోంది.

"ఇదండీ," అంది. ఆ ఒక్క మాటలో సంతోషం వినిపించింది. మరుక్షణం పోయింది. "తొమ్మిది పెట్టానా నేను?"

నోటుబుక్కు తీసింది. మంగళవారం పేజీ.

"ఎనిమిది అని రాశానే. రాసి కూడా తొమ్మిది పెట్టానంటే..." నోటుబుక్కు మూసేసింది. "మతి కూడా పోతున్నట్టుంది అత్తయ్యా."

చిత్రిక నా చేతిలోనే ఉంది. మా అమ్మ నావైపు చూసింది. పిల్లాడి మొహం చూసి ఏ గిన్నె పగిలిందో చెప్పగలదు ఆవిడ.

"నువ్వు ఎనిమిదే పెట్టావు," అన్నాను. "తొమ్మిదోది నేను పెట్టాను."

నేను చిత్రిక పక్కన పెట్టి బల్ల దగ్గరికొచ్చాను.

"నువ్వు ఫోన్‌కి వెళ్ళినప్పుడు. నిన్న మధ్యాహ్నమే నాకు అనుమానం వచ్చింది. నోరు రాలేదు."

మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఎందుకు పెట్టారు?"

"బెజ్జం ఖాళీగా ఉందని."

ముందు మూతి బిగించింది. ఇక తిట్లే అనుకున్నాను. తర్వాత ఆ బిగువు సడలింది, భుజాలు ఊగడం మొదలైంది. నవ్వు! బల్ల పట్టుకుని, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. మిల్లు మూసిన తర్వాత ఆవిడ నవ్వు వినడం అదే మొదలు.

"ఐదు రోజులండీ! ఐదు రోజులు ఈ చేతుల్ని తిట్టుకున్నాను!"

"నన్ను తిట్టు."

"తిడతాను. పని అయ్యాక తీరిగ్గా తిడతాను. ముందు దాన్ని తీయండి. మీరు బిగించింది మీకు తప్ప ఎవరికీ రాదు."

అది నిజమే. చెమటలు పట్టాయి నాకు. ప్లయరు రెండుసార్లు జారింది. ఊడొచ్చాక దాన్ని మా ఆవిడ అరచేతిలో పెట్టాను. ఆవిడ నోటుబుక్కు తీసి మంగళవారం పేజీలో, ఎనిమిది అన్న అంకె కింద గట్టిగా ఒక గీత గీసింది. అంతే.

బోర్డు మళ్ళీ కూర్చుంది. ఎనిమిది స్క్రూలు. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను, ఎవరూ చెప్పకుండానే. ఆవిడ నొక్కింది. పావు చుట్టు, అర చుట్టు, గిర్రున. డబ్బా మూత వేసినా గిర్రుమంటూనే ఉంది.

"ఒరేయ్," అంది మా అమ్మ, "ఇప్పుడు వెయ్యరా ఈల."

వేశాను.

ఆదివారమంతా మా ఆవిడ గదిలోంచి కదల్లేదు. పళ్ళెం నేనే పట్టుకెళ్ళి పెట్టాను, మళ్ళీ నేనే తెచ్చుకున్నాను. సోమవారం పదకొండింటికి మూడు డిజైన్లూ వెళ్ళాయి. నాలుగింటికి ఫోన్ వచ్చింది. మేడమ్ ఏమందో నాకు వినబడలేదు. మా ఆవిడ మాత్రం "ఆఁ", "చేస్తానండీ", "వచ్చే వారానికి ఆరా? చేస్తాను" అంటోంది. ఒళ్ళో ఉన్న చెయ్యి కదలకుండా ఉంది. నేను అదే చూస్తున్నాను. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడం ఎందుకు?

ఆ తర్వాత వారం కళ్ళజోడు మా షెడ్డు ముందు ఆగాడు. "ఏమైంది మేస్త్రీ గారూ? లేచిందా? తెస్తే చూద్దును కదా." నేను పని ఆపి, షెడ్డులో ఇద్దరు గిరాకీలు వింటుండగా, మొదట్నుంచీ చివరిదాకా చెప్పాను. తొమ్మిదో కాలు ఎవరు పెట్టారో కూడా చెప్పాను. గళ్ళ కాగితం దగ్గరికొచ్చేసరికి అతను నుదుటి మీది జోడు తీసి కళ్ళకి పెట్టుకున్నాడు. "కాగితానికి చిల్లులా! పదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, నాకు తట్టలేదే," అన్నాడు. ఇప్పుడు తన కొట్లో లేవని కంప్యూటర్ ఉంటే కబురు పంపుతాడు. డాక్టరమ్మని ఒకసారి రమ్మనండి అంటాడు.

వేసవి వెళ్ళేలోపు మా ఆవిడ కంప్యూటర్‌కి నేను బల్ల చేశాను. దాచుకున్న మంచి చెక్కంతా తీసి చేశాను. ముందు వైపు ఇత్తడి బద్ద వేశాను, తొమ్మిది బెజ్జాలతో. ఎనిమిది స్క్రూలు బిగించి ఆపేశాను. తొమ్మిదో బెజ్జం ఎదురుగా, గుమ్మంలోంచే కనబడుతుంది. మొదటి వారం అటు చూస్తే చాలు, నా వేళ్ళు జివ్వుమనేవి. ఇప్పుడు అలవాటైంది.

తలుపులు చేయించుకోవడానికి వచ్చేవాళ్ళకి నా పనితనం చూపించాలంటే ఆ బల్లే చూపిస్తాను. చెక్క నిమిరి మెచ్చుకుంటారు. అంతలో ఎవరో ఒకరు వంగి, వేలు పెట్టి చూపిస్తారు.

"మేస్త్రీ గారూ, ఇక్కడో స్క్రూ మర్చిపోయారు."

నేను జవాబు చెప్పను. ఆవిడ చెప్పే దాకా ఆగుతాను. తెర మీంచి కళ్ళు తిప్పకుండా, చేతులు ఆపకుండా, మా ఆవిడ అంటుంది:

"మర్చిపోలేదండీ. మా ఆయన జీవితంలో బిగించకుండా వదిలింది అదొక్కటే. అది నాకిచ్చారు."